పడవ కింద పలికేవాళ్లు

పడవాయన పోయాడని ఖాజా భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. ముంపు కాలనీ సమాధుల తోటలో పెట్టారట. చెప్పి, "మల్ల పడవ ఎవరు నడుపుతరు భాయ్?" అన్నాడు. మనిషి చనిపోయాడని తెలియగానే అడగవలసిన ప్రశ్న కాదది. అయినా నా నోటిదాకా వచ్చిందీ అదే. పడవ నడిపేవాళ్లు మంచిర్యాల చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఆ దారిన నడిపేవాళ్లు ఇక లేరు.

దారి అన్నాను కదా. ఉన్నవి నీళ్లే. ఆయన మాత్రం దారినే నడిపేవాడు.

గోదావరికి అడ్డంగా ప్రాజెక్టు కట్టాక వెనక నిలిచిన నీళ్లవి. ఎటు చూసినా అవతలి ఒడ్డు కనిపించదు. సముద్రం చూడాలంటే రైలెక్కి ఒక రాత్రి పడుకోవలసిన వాళ్లం కాబట్టి, దాన్నే సముద్రం అనుకోవడానికి మాకేమీ అభ్యంతరం లేకపోయింది. చలికాలం వస్తే అక్కడికి పక్షులు వస్తాయి. పక్షుల వెనక మనుషులు వచ్చారు, మనుషుల వెనక రేవు దగ్గర ఒక బోర్డు వచ్చింది: 'పడవలో పక్షుల దర్శనం. పొద్దున బయలుదేరి సాయంత్రం చేరుట. గైడు కలదు.' రాసిన పెయింటరు, కింద ఖాళీ జాగా మిగిలిందని ఒక తిమింగలాన్ని కూడా వేశాడు. నెత్తిలోంచి నీళ్లు చిమ్ముతూ, పెళ్లి ఫొటోలో మాదిరి నవ్వుతూ ఉంటుంది. గోదావరిలో తిమింగలాలు ఉండవని ఎవరో చెప్పేసరికి రంగు ఆరిపోయిందట.

ఆ 'గైడు కలదు'లోని గైడు ఈయన.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్లచొక్కాకు మెడదాకా గుండీలు, దాని మీద నారింజరంగు లైఫ్ జాకెట్. ఆ జాకెట్‌ను రేవులో టీ తాగేటప్పుడు వేసుకునేవాడు, పడవ ఎక్కగానే విప్పి మేకుకు తగిలించేవాడు. ఇదేం పద్ధతని మొదటి రోజే అడిగాను.

"పడవల నాకేమైతది సార్? కింద అందరు మనోల్లే. రోడ్డు మీదనే లారీలు దిరుగుతయ్," అన్నాడు.

చెప్పులు కూడా ఒడ్డునే విడిచేవాడు. మమ్మల్ని విడవమని అనలేదు. మా కాళ్ల వైపు ఒకసారి చూసి ఊరుకునేవాడు. కొంచెం ముందుకు పోయేసరికి ఎవరి చెప్పులు వాళ్లు విప్పి ఒళ్లో పెట్టుకునేవాళ్లు.

పక్షుల గురించి ఆయనకు తెలిసింది తక్కువే. దాచుకోలేదు కూడా. ఆయన లెక్కలో పక్షులు మూడు రకాలు. "నల్లయి నీటికాకులు. తెల్లయి కొంగలు. ఉన్నయన్ని సముద్రపు పిట్టలు." సముద్రపు పిట్టలకు ఇక్కడేం పని అని ఎవరైనా అడిగితే, "తొవ్వ తప్పినయ్. అడుగుదామంటె మాట రాదు. ఏం జేస్తయ్, తిరుగుతున్నయ్," అనేవాడు. ఆ మాట విన్నాక పడవ మీద తిరిగే ఆ తెల్లరెక్కల్ని వినోదంగా చూడటం కష్టమయ్యేది. మా తలల మీదికి దిగి మొహాలు ఒక్కొక్కటే చూసి పోయేవి. వాటికి కావలసిన మొహం మాలో లేదన్నట్టు.

మొదటిసారి నన్ను తీసుకుపోయింది ఖాజా భాయే. ఆయనకు మంచిర్యాలలో కళ్లద్దాల దుకాణం. అందులో ఎవరూ కొనని ఒక దుర్భిణి చాలాకాలంగా ఉంది. దానికి పని చూపించడానికి పక్షుల మీద ప్రేమ పెంచుకున్నాడు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నాకు ఆదివారాలు పని ఉండదు. మాతో పాటు ఆ రోజు కరీంనగర్ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టర్, ఆయన భార్య ఉన్నారు. కాంట్రాక్టర్ బోర్డు చదివి వచ్చిన మనిషి.

"తిమింగలం ఏది?" అన్నాడు పడవ కదలక ముందే.

పడవాయన ఇంజన్ తాడు చుట్టుకుంటూ, "ఎండకాలం రావాలె సార్," అన్నాడు.

"ఎండకాలం వస్తదా?"

"నీళ్లు దిగితె వస్తది. వీపు ఒక్కటే కనవడుతది."

కాంట్రాక్టర్ తృప్తిగా తల ఊపి భార్యతో, "చూసినవా, సీజన్ ఉంటది దానికి," అన్నాడు.

పడవ నీళ్ల మధ్యకు చేరింది. ముందూ వెనకా ఏమీ లేదు. సూటిగా పోతే సరిపోయేది. పడవాయన వేగం తగ్గించాడు, ఎడమకు తిప్పాడు, కొంచెం పోయి కుడికి తిప్పాడు. తర్వాత పడవకు బిగించిన ఆటో హారన్‌ను గట్టిగా రెండుసార్లు కొట్టాడు.

చుట్టూ చూశాను. నీళ్లు. ఆకాశం. ఒక నీటికాకి.

"ఎవరికి కొడుతున్నవ్ కాకా?" అన్నాడు ఖాజా భాయ్.

"మూల మలుపు గద భాయ్. కొట్టకుంటె గుద్దుకుంటరు."

"ఎవరు?"

"అటుకెల్లి వచ్చేటోల్లు."

ఖాజా భాయ్ దుర్భిణిని మడిచి సంచీలో పెట్టేశాడు. ఆ వైపు దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూసుకోవాలన్న కోరిక ఆయనకు పోయినట్టుంది.

అప్పుడు చెప్పాడు పడవాయన. కింద ఉన్నది ఆయన ఊరు. మేము పోతున్నది పెద్దబజారు. ఎడమ చేతి వైపు సూదిమందు డాక్టరు ఇల్లు, ఆ పక్కన పిండి గిర్ని, ఆ తర్వాత బడి. బడి దగ్గర ఇంకా నెమ్మదిగా నడిపాడు, "ఇంటర్వెల్ టైం," అని. ఇళ్ల మీదుగా పడవను ఎన్నడూ పోనిచ్చేవాడు కాదు. మనుషులు పడుకుని ఉంటే వాళ్లను దాటి పోతామా, అదీ ఆయన వాదం. ఆ వాదాన్ని ఖండించడానికి నా దగ్గర ఫిజిక్స్ సూత్రం ఏదీ లేదు. నీళ్లలోకి తొంగి చూస్తే నా మొహమే కనిపించింది. మా వాకిట్లోకి ఎవరో పైనుంచి తొంగి చూస్తే మేమెలా చూస్తామో అలా చూస్తోంది. తల వెనక్కి తీసుకున్నాను.

ఊరి చివర నీళ్లలోంచి ఒక తాటిచెట్టు మొండెం పైకి లేచి ఉండేది. ఆకుల్లేని ఆ మొండెం మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుని కూర్చునేవి. అక్కడ ఇంజన్ ఆపాడు. మేకుకున్న జాకెట్ జేబులోంచి గుప్పెడు బంతిపూలు తీసి నీళ్లలో వదిలాడు. పడవ అడుగున మోకాళ్ల మీద కూర్చుని, తలుపు తట్టినట్టు వేళ్ల కణుపులతో రెండుసార్లు తట్టి, "ఏమే," అన్నాడు.

కాంట్రాక్టర్ భార్య పక్కకు తిరిగి చూసింది, తననేమో అని.

మొండెం మీది నీటికాకులన్నీ ఒకేసారి మెడలు ఒక్క దిక్కుకు తిప్పాయి. అప్పుడు కింది నుంచి వచ్చింది. టక్, టక్. చెవులకంటే ముందు అరికాళ్లకు తెలిసింది. పై అంతస్తులో ఉన్నప్పుడు కింది వాటా తలుపు ఎవరో తట్టినట్టు.

"ఏందది?" అన్నాడు కాంట్రాక్టర్.

"మా ఇంటామె," అన్నాడు పడవాయన.

కాంట్రాక్టర్ భార్య పక్కకు జరిగి, "ఏమన్నది?" అన్నాడు.

"ఉన్న అన్నది. ఇగ పోదాం."

రేవులో దిగాక కాంట్రాక్టర్ నా దగ్గరికి వచ్చి, "సార్, మీరు చదువుకున్నోల్లు, అది చెక్క మొద్దే గద?" అన్నాడు. చెక్క మొద్దే అన్నాను. ఆయన కారులో కూర్చున్నాక కూడా అద్దం దించి, "మొద్దే," అని నాకు మళ్లీ చెప్పాడు.

తర్వాత నేను చాలాసార్లు వెళ్లాను. పరిశోధన కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. మునిగిన తాటిదుంగ ఒకటి అడుగు నుంచి తేలుతూ ఉంటుంది, పడవ ఆగినప్పుడు అలకు లేచి తగులుతుంది. ఇదీ నా సిద్ధాంతం. కానీ అది పడవాయన ఒకసారి తట్టితే ఒకసారి తగిలేది. గబగబా తట్టితే గబగబా తగిలేది. సిద్ధాంతం నిలబడాలంటే ఆ దుంగకు మర్యాద తెలిసి ఉండాలి. ఒక రోజు ఇంజన్ చెడిపోయి బాగా ఆలస్యంగా చేరాం. ఆయన ఇంకా మోకాళ్ల మీద కూర్చోనే లేదు, పూలు జేబులోనే ఉన్నాయి, కింది నుంచి టక్ టక్‌మని వచ్చింది. పడవాయన మా అందరి ముందూ సిగ్గుపడ్డాడు. "ఎదురు సూస్తుంది," అన్నాడు. కొత్త పెళ్లికొడుకు మొహం అది, డెబ్బై దాటిన మనిషికి.

ఆ ఇంటామె కథ రేవులో టీ తాగుతూ తెలిసింది. వాళ్లది మిషను చర్చి కుటుంబం. ఊరు మునగకముందే ఆమె పోయింది, చర్చి వెనక మిట్ట మీద సమాధుల తోటలో పెట్టారు. నీళ్లొస్తాయని తెలిశాక సంఘంలో చాలామంది తమవాళ్లను తవ్వి తీసి కాలనీకి తెచ్చుకున్నారు. పాస్టరయ్య ఈయన దగ్గరికీ వచ్చాడు. ఈయన ఒప్పుకోలేదు.

"ఆమెకు నిద్ర రాని రోగం సార్. రాత్రంత కూసునేది. నేను పన్నదాన్ని లేపితె కొట్టేది, అసొంటిది. మట్టిల వెట్టినంకనే జర కన్ను మూసింది. ఆల్లు గడ్డపారలు వట్టుకోని వచ్చిండ్రు లేపుతమని. లేపద్దన్న."

"మరి నీళ్లల్ల..." అన్నాడు ఖాజా భాయ్.

"గదే బుగులు. నిద్రవోనియ్యాలె, ఒక్కతున్న అనిపియ్యద్దు. గందుకే పోయినప్పుడల్ల పిలుస్త. ఉన్న అంటది. నాకు గంతే గావాలె."

"పేరేంది కాకా ఆమెది?"

పడవాయన గ్లాసు పక్కన పెట్టాడు. ఖాజా భాయ్ ఏదో అనకూడనిది అన్నట్టు చూశాడు. "పెండ్లాన్ని పేరు వెట్టి పిలుస్తమా భాయ్? ఏమే అంటె పలుకుతది. గా ఊర్ల నేను ఏమే అనేది ఆమెనొక్కదాన్నే గద."

ఇందులో లోపం ఏముందో అప్పుడు మాకు ఎవరికీ తట్టలేదు.

ఒక ఏడు వానలు మొహం చాటేసి, ఎండాకాలానికి నీళ్లు ఎన్నడూ లేనంత కిందికి దిగాయి. తిమింగలం వచ్చింది. నీళ్లలోంచి నున్నటి, బూడిదరంగు, పాచిపట్టిన వీపు, దాని మీద వరసగా కొంగలు. ఊరి మంచినీళ్ల ట్యాంకు పైకప్పు అది. పెయింటర్ దాన్ని చూసి వేశాడేమో అనిపించేంత పోలిక. చిన్న అల వచ్చినప్పుడల్లా అది ఊపిరి పీల్చినట్టే ఉండేది.

ఆ రోజు పడవలో మేము ముగ్గురమే. ఎండకు ఇంకెవరూ రాలేదు. ఎప్పటిలాగే పెద్దబజారు, హారను, బడి. తాటి మొండెం దగ్గర ఇంజన్ ఆపి, పూలు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు ట్యాంకు అవతల, బాగా దూరంగా, ఎండలో తెల్లగా ఏవో మెరవడం చూశాడు. పూలు చేతిలోనే ఉండిపోయాయి.

"భాయ్, గా దుర్భిణి ఇటియ్యు."

ఆయన దాన్ని అంతకుముందెప్పుడూ ముట్టుకోలేదు. చాలాసేపు చూశాడు. దించి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"గవి సమాధులు," అన్నాడు.

నేనూ చూశాను. బురద మిట్ట పైకి తేలి ఉంది. దాని మీద సిలువలు. ఒక్కో సిలువ మీద ఒక్కో నీటికాకి.

"మరి ఇదేంది?" అన్నాడు ఖాజా భాయ్, మా కిందికి చూపిస్తూ.

పడవాయన తాటి మొండెం వైపు చూశాడు. రేవు వెనక కొండ మీది సెల్ టవర్ వైపు చూశాడు. ఆ రెండూ ఒక గీతలోకి వస్తే సమాధుల తోట. ఇన్నేళ్లూ ఆయన లెక్క అదే. పెదవులు కదిపి ఏదో గుర్తు చేసుకున్నాడు. "తాటిచెట్లు రెండుండె," అన్నాడు చివరికి. "ఒకటి సమాధుల కాడ. ఒకటి మండువ కాడ. సమాధుల కాడిది పడిపోయినట్టున్నది. నేను దీన్ని అదనుకున్న."

మండువ అంటే కల్లు తాగే చోటు.

ఖాజా భాయ్‌కి నవ్వొచ్చింది. పడవాయనకూ వచ్చింది, ముందు. "బతికున్నప్పుడు మండువకు పోకుంట తొవ్వల నిలవడేది సార్. చెయ్యి వట్టి గుంజుకచ్చేది. సచ్చినంక నేను పూలు వట్టుకోని ఆడికే వస్తున్న." ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు నీళ్ల మీద చాలా దూరం పోయింది. ఖాజా భాయ్ అందరికంటే ముందు ఆపాడు.

"కాకా," అన్నాడు. "మరి ఇన్నేండ్లు పలికింది ఎవరు?"

అక్కడ పల్లం. మిట్ట తేలినా ఆ చోట నీళ్లింకా లోతుగా, గోధుమరంగులో ఉన్నాయి. ఏమీ కనిపించదు. పడవాయన మెల్లగా వెనక్కి జరిగి, బల్ల మీద కూర్చున్నాడు. పడవ అడుగుకు తగలకుండా కాళ్లు పైకి తీసుకున్నాడు. ఆయన భయపడుతున్నాడనుకున్నాను. కాదు, మొహమంతా అవమానం.

"ఎవరినో ఏమే అన్న సార్."

"కాకా, ఫికర్ జెయ్యకు..."

"గట్లెట్ల భాయ్? పెద్దమనిషైతె? మొగోడైతె? ఇంకొకల ఇంటామె అయితె? ఇన్నేండ్లు పరాయోల్లను ఏమే, ఏమే అనుకుంట... ఆల్లేమనుకున్నరో. అయినా పలికిండ్రు సూడు. ఒక్కనాడు తప్పు పట్టలే."

మేము ముగ్గురం బల్లల మీదే ఉన్నాం. ఎవరి చేతులు వాళ్ల ఒళ్లో ఉన్నాయి. టక్, టక్‌మంది కింద.

ఖాజా భాయ్ కళ్లు మూసుకుని పెదవుల మధ్య ఏదో చదవసాగాడు. నా దుంగ సిద్ధాంతాన్ని అక్కడే, ఆ నీళ్లలోనే వదిలేశాను. దిగి చూద్దామా అన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది, పడవాయన కనిపెట్టాడు. "ఆడోల్లో మొగోల్లో తెల్వకుంట ఆల్లింట్లకు తొంగి సూస్తమా సార్?" అన్నాడు. నేను చాలా తేలిగ్గా ఒప్పుకున్నాను.

గడకర్రతో తోస్తూ మిట్ట దగ్గరికి పోయాం. పగుళ్లు వారిన బురద మీద ఆయన ముందు, మేము వెనక. ఆమె సమాధిని వెతకలేదు, సూటిగా పోయి నిలబడ్డాడు. సిమెంటు పలక నిండా గవ్వలు అంటుకుని ఉన్నాయి. మెడలోని తువ్వాలతో తుడిచాడు. పేరు చెక్కిన చోట చెయ్యి అడ్డం పెట్టాడు, మేము చదవకుండా. తర్వాత కూర్చుని, రెండుసార్లు తట్టాడు.

"ఏమే."

ఏమీ లేదు. ఎండ చప్పుడు తప్ప.

"ఏమే, నేనే."

మళ్లీ తట్టాడు. సిలువ మీది నీటికాకి ఎగిరిపోయింది. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. నా చొక్కా చెమటకు తడిసి, ఆరింది. లేచినప్పుడు ఆయన మాట చాలా మెల్లగా వచ్చింది.

"ఇన్నది సార్. ఇన్నేండ్లు ఇన్నది. ఆడ మండువ కాడ నేను ఇంకెవరినో ఏమే, ఏమే అంటుంటె ఒక్కతె ఇనుకుంట పన్నది. ఆల్లు పలుకుతుంటె గూడ ఇన్నది."

"ఇప్పుడైనా కాలనీకి తీసుకుపోవచ్చు కదా. పాస్టరయ్యతో నేను మాట్లాడతాను," అన్నాను.

"అలిగి పన్న మనిషిని లేపి తీస్కపోతమా?"

నీళ్లు తిరిగి వచ్చేలోపు ఆయన ఆ సమాధికి సున్నం వేశాడు. సిలువకు పొడుగాటి తాడు కట్టి, తాడు చివర ఖాళీ నూనె డబ్బా కట్టాడు. వానలు పడి నీళ్లు నిండాక ఆ డబ్బా ఒక్కటే పైన తేలుతూ ఉండేది. ఈసారి చెట్లను నమ్మలేదు.

అప్పటి నుంచి పక్షుల దర్శనంలో పడవ ఆగే చోట్లు రెండయ్యాయి. మొదటిది మండువ దగ్గర. అక్కడ ఆయన పడవ అడుగును తట్టడం మానేశాడు. చేతులు కట్టుకుని నిలబడి, సంఘంలో పెద్దలతో మాట్లాడే గొంతుతో, "ఎవరో మీరు, నాకు ఎరుక లేదు. తెల్వక అన్న, మనసుల వెట్టుకోకుండ్రి. అలవాటైనోల్లు, ఒక్కసారే బంద్ వెడితె మీకు మంచిగనిపియ్యదని పలకరిస్తున్న. మంచిగున్నరా?" అనేవాడు. కింద టక్‌మనేది. ఒక పువ్వు వేసి, "పోయొస్తం," అని ఇంజన్ తాడు లాగేవాడు. ఒకసారి ఖాజా భాయ్ ఆగలేక, "పేరడుగు కాకా," అన్నాడు. "మొదటిసారి అడగాల్సింది. గిన్నేండ్లకు అడిగితె ఏం బాగుంటది?" అన్నాడు పడవాయన.

రెండోది డబ్బా దగ్గర. అక్కడ ఇక 'ఏమే' అనడానికి లేదు. ఆ పిలుపు వేరేవాళ్లకు పోయింది. పేరు పెట్టి పిలవాలి. మా వైపు వీపు పెట్టి, పడవ అంచు మీంచి వంగి, మూతి నీళ్లకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా పోయి పిలిచేవాడు. ఆ పేరు మాకెవరికీ ఎప్పుడూ వినపడలేదు. చెవులు మాత్రం వెనక నుంచి ఎర్రగా కనిపించేవి. తర్వాత తట్టేవాడు. వినేవాడు. మిగిలిన పూలన్నీ వేసేవాడు. మళ్లీ వినేవాడు.

ఏమీ వచ్చేది కాదు. వెళ్లిన ప్రతిసారీ అంతే. పక్షుల కోసం వచ్చినవాళ్లు గడియారాలు చూసుకునేవాళ్లు. ఒకావిడ, "ఇక్కడ ఏం లేదు కదా, పోనియ్యి తాతా," అంది. "ఉన్నది బిడ్డా. మాట్లాడుత లేదు," అన్నాడు.

ఆఖరిసారి వెళ్లింది పోయిన చలికాలం, మేము ముగ్గురమే. ఆయనకు దగ్గు పట్టుకుంది. ఇంజన్ తాడు ఖాజా భాయ్ లాగవలసి వచ్చింది. సముద్రపు పిట్టలు ఆ ఏడాది ఎక్కువ. పడవ పొడుగునా మాతో వస్తూనే ఉన్నాయి. పెద్దబజారు మలుపులో హారన్ కొట్టి, ఎందుకో పడవను పూర్తిగా ఆపేశాడు. ఎదురుగా ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు తిప్పుకున్నాడు. తల వంచి పలకరించాడు. ఎవరని మేము అడగలేదు.

మండువ దగ్గర చేతులు కట్టుకుని, "మంచిగున్నరా," అన్నాడు. టక్‌మంది. "నాకే జర బాగలేదు," అని వాళ్లకు చెప్పుకున్నాడు. ఈసారి టక్‌మనలేదు. కొంచెం ఆగి, ఎప్పుడూ లేనిది, చాలా మెల్లగా, ఒకదాని వెనక ఒకటిగా, వీపు నిమిరినట్టు చప్పుడయింది. "మంచోల్లు," అన్నాడు ఖాజా భాయ్‌తో.

డబ్బా దగ్గర ఇంజన్ ఆపినప్పుడు సముద్రపు పిట్టలన్నీ మమ్మల్ని వదిలి పోయాయి. గాలి లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆయన పూలు తీయలేదు. తట్టలేదు. అంచు మీంచి వంగి, పేరు పెట్టి పిలిచాడు, మాకు వినపడకుండానే. వెనక్కి వచ్చి పడవ అడుగున కూర్చుని, అరచెయ్యి చెక్క మీద ఆనించాడు. తర్వాత అన్న మాట మాకు వినపడింది. ఆ మాటను దాచాలని ఆయనకు అనిపించలేదేమో. రద్దీగా ఉన్న మంథని బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న భార్యతో అన్నట్టు అన్నాడు.

"జర జరుగు."

తాడు చివర డబ్బా కదలలేదు. ఇంజన్ ఆగే ఉంది. పడవ మాత్రం మా ముగ్గురితో సహా జానెడు పక్కకు జరిగి, ఆగింది.

పడవాయన తల ఎత్తలేదు, చెక్క మీది చెయ్యి తీయలేదు. ఖాజా భాయ్ నా వైపు చూశాడు, ఏదైనా చెబుతానేమో అని. నేను ఆయన ఒళ్లోంచి దుర్భిణి తీసుకుని, పక్షుల్ని చూడటం మొదలుపెట్టాను. ఆ వైపు పక్షులేమీ లేవు. చాలాసేపు చూశాను.